మిగతా మనిషి

గ్రంథాలయం, వెనక గది
జూన్ 3

ప్రియమైన మావయ్యకి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, ఈ గదిలో దుమ్మూ.

ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తింది. మీకు ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పని మానేసిందనీ, విషయం తనకి చెప్తే మీకు అరిచి చేరవేస్తాననీ అంది. ఇది అరిచి చేరవేసే విషయం కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీరు పనిచేసిన ఫోటో స్టూడియో మూసేసినప్పుడు ఎవరికీ అక్కర్లేని నెగటివ్ ఫిల్ముల పెట్టెలు ఆరు మా గ్రంథాలయానికి వచ్చాయి. రేకు పెట్టెలు. పదకొండేళ్ళుగా మెట్ల కింద ఉన్నాయి. వాటి మీద చీపుళ్ళు ఆనించి పెట్టేవాళ్ళం. ఇప్పుడు మా గ్రంథపాలకుడు గారికి పట్టణం పాత ఫోటోలతో ప్రదర్శన పెట్టాలని బుద్ధి పుట్టింది. సెప్టెంబరులో. ఫిల్ములకి దుమ్ము దులిపే పని నాకు అప్పజెప్పారు. ఇరవై ఏళ్ళుగా పుస్తకాలకి దులుపుతున్నాను కదా, ఫిల్ములకి దులపలేనా అని ఆయన ధీమా.

నిన్న మొదటి పెట్టె తెరిచాను. వరసగా పదకొండు సార్లు తుమ్మాను. తర్వాత ఒక ఫిల్ము తీసి నోటితో ఊది, రుమాలుతో తుడిచాను. ఉతికిన రుమాలే. వెలుతురులో పెట్టి చూస్తే సన్నటి గీతలు, పిల్లి గోకినట్టు. ఒక పెళ్ళికూతురి బుగ్గ మీదుగా పోయాయి. అవి ముందునుంచీ ఉన్నాయో, నేను పెట్టానో తెలియడం లేదు.

ఏం చెయ్యమంటారు? తొందరేం లేదు, మూడు నెలల టైముంది. అంటే తొందరే.

మీ మేనకోడలు


ఇంటి వరండా
జూన్ 9

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వే పెట్టావు.

ఆ సంగతి అయిపోయింది కాబట్టి మిగతాది నెమ్మదిగా చెప్తాను. దుమ్మంటే మెత్తగా ఉంటుందని జనం అనుకుంటారు. దుమ్మంటే రాయి. కంటికి ఆనని రాయి. నువ్వు ఆ పిల్ల బుగ్గని రాయి పెట్టి తోమావు. రుమాలు ఎంత ఉతికినదైతే ఏం, దాని కింద రాయి ఉన్నాక? ఊదడం ఇంకా ఘోరం. నోట్లోంచి గాలి ఒక్కటే రాదు. తుంపర పడిన చోట ముందు మచ్చ వస్తుంది, ఆ తర్వాత బూజు పడుతుంది. బుగ్గ ఎలాగూ పోయింది, ఇంక మచ్చ కూడా ఎందుకు ఆవిడకి.

ముందు గది సంగతి చూడు. పొద్దున్నే నేల తడిగుడ్డతో తుడిపించు. ఫ్యాను ఆపు. తలుపు వేసేసి అరగంట సేపు లోపలికి ఎవరినీ పోనివ్వకు, నిన్ను నువ్వు కూడా పోనివ్వకు. లేచిన దుమ్ము కిందికి దిగడానికి అరగంట పడుతుంది, దానికేం తొందర లేదు. గాలి మరీ పొడిగా ఉన్న రోజు గదిలో తడి దుప్పటి ఒకటి ఆరేసుకో. పొడిగాలిలో ఫిల్ముకి కరెంటు పుడుతుంది. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు అది దుమ్మును లాక్కుంటుంది. నువ్వు దులుపుతూనే ఉంటావు, అది పిలుస్తూనే ఉంటుంది.

చేతులకి నూలు తొడుగులు వేసుకో. అయినా సరే, ఫిల్మును అంచుల దగ్గరే పట్టుకో. దానికి రెండు వైపులు ఉంటాయి. మెరిసే వైపు ఒకటి, మసక వైపు ఒకటి. బొమ్మ ఉండేది మసక వైపు. అది మెత్తన, గోరు తగిలినా ఊడి వస్తుంది. ఫిల్మును నిలువుగా, కాస్త ముందుకి వంచి పట్టుకుని రబ్బరు బుడ్డితో, చంటిపిల్లల ముక్కు శుభ్రం చేసేదానితో, గాలి కొట్టు. రాలినది కింద పడాలి గానీ తిరిగి దాని మీదే కూర్చోకూడదు. దీపం పక్కనుంచి పడేలా పెట్టుకో. ఎదురుగా పెడితే దుమ్ము కనపడదు, పక్కనుంచి పెడితే దాక్కోలేదు.

గాలికి పోని రేణువులుంటే అప్పుడు కుంచె. కొత్తది, మెత్తనిది, నీ వేళ్ళు తగలనిది. వేళ్ళకి జిడ్డుంటుంది, నీకు లేదని నువ్వు అనుకున్నా సరే. పైనుంచి కిందికి ఒకే వైపుకి లాగు. కుంచె బరువే చాలు, నీ బరువు కలపకు. ముందుకీ వెనక్కీ ఆడించకు, అది గోడకి సున్నం వెయ్యడం కాదు. అప్పటికీ పోకపోతే వదిలెయ్యి. వదిలెయ్యడం కూడా పనిలో భాగమే. నీళ్ళు, స్పిరిట్టు, సబ్బు, మీ గ్రంథపాలకుడి సలహా, ఇవేవీ తగలనివ్వకు.

తుమ్ము వస్తే ఫిల్ము కింద పెట్టి, గది దాటి, తలుపు వేసి, అప్పుడు తుమ్ము.

మీ మావయ్య

తా.క. నేను అత్తయ్యని. చూశావా, ఇంట్లో కిటికీకి ఇంత దుమ్ముంటే ఆ మనిషికి కనపడదు.


గ్రంథాలయం, వెనక గది
జూన్ 29

మావయ్యకి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. మందుల షాపులో రబ్బరు బుడ్డి అడిగితే పాప వయసెంత అన్నాడు. నలభై ఏళ్ళు అన్నాను. ఇంకేం అడగకుండా ఇచ్చాడు. కొత్త బుడ్డి లోపల పౌడరు ఉంటుందని మీరు రాయలేదు. అదృష్టం కొద్దీ ముందు గోడ మీదికి కొట్టి చూశాను.

తడి దుప్పటి ఆరేస్తే గ్రంథపాలకుడు గారు గుమ్మంలో ఆగిపోయారు. దుప్పటి లేకపోతే ఫిల్ముల్లో కరెంటు పుడుతుందని చెప్పాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, మెయిను స్విచ్చి కట్టేసి వెళ్ళిపోయారు.

నాలుగు పెట్టెలు అయ్యాయి. ఐదో పెట్టె నూలు మిల్లుది. అసలు ఉత్తరం దాని గురించే.

మా పత్రికల గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర రోజూ ఒక పెద్దావిడ కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతూ ఉంటుంది. డెబ్బై దాటి ఉంటాయి. ఇంట్లో వెలుతురు చాలదట. గ్రంథాలయంలో కుట్టకూడదని ఏ బోర్డు మీదా రాసిలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనరు. అందరం కాజాలమ్మ అంటాం. ఫిల్ముల సంగతి ఎవరు చెప్పారో, మొన్న నా గది గుమ్మం దగ్గరికి వచ్చింది. దుమ్ము దిగాలి, అరగంట ఆగాలి అన్నాను. ఆవిడ కూర్చోకుండా ఆ అరగంటా తలుపు బయటే నిలబడింది.

లోపలికి వచ్చాక కాగితం కవరులోంచి ఒక ఫోటో తీసింది. మిల్లు వాళ్ళ గ్రూపు ఫోటో. మూడు వరసలు. వెనక సున్నం కొట్టిన గోడ, గోడ మీద గడియారం. వెనక వరస చివర నల్ల చొక్కా మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన భుజం మీద వేలు పెట్టి చూపించింది.

"ఈ చెయ్యి మా ఆయనదమ్మా."

చూశాను. నల్ల చొక్కా భుజం మీద ఒక చెయ్యి ఉంది. నాలుగు వేళ్ళు, కొంచెం మణికట్టు. ఆ చేతికి మనిషి లేడు. అది ఎక్కడినుంచి రావాలో అక్కడ తెల్ల గోడ ఉంది.

"మరి మిగతా ఆయన?" అన్నాను.

"అదే అడుగుదామని వచ్చాను. ఫోటోలో పడలేదు. ఫిల్ములో ఏమన్నా మిగిలాడేమో చూస్తావా?"

ఆయన పోయి పదహారేళ్ళయిందట. ఆయనవి వేరే ఫోటోలు లేవట. ఉన్నది ఈ చెయ్యి ఒక్కటే.

ఫిల్ము దొరికింది. అరచెయ్యంత ఉంది. బుడ్డితో కొట్టాను, కుంచెతో దులిపాను. అందరి మొహాలూ శుభ్రంగా ఉన్నాయి. గడియారం కింద మాత్రం బొటనవేలంత ముదురు ఎర్ర మరక ఉంది. గాలికి కదల్లేదు, కుంచెకి కదల్లేదు. వదిలెయ్యడం కూడా పనిలో భాగమే అన్నారు. కానీ అది సరిగ్గా ఆ చేతికి మనిషి ఉండాల్సిన చోట ఉంది. దేనితో తుడవాలి?

మీ మేనకోడలు


ఇంటి వరండా
జులై 4

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. ఇక్కడ క్షేమం.

ఐదో పెట్టె మూసెయ్యి. ఆ ఎర్రది దుమ్ము కాదు. దాని జోలికి పోకు. తడి అసలు తగలనివ్వకు. పాత ఫిల్ముల్లో అలాంటి మరకలు వస్తూ ఉంటాయి. ఆవిడ పెద్దావిడ, పొరబడి ఉంటుంది. గ్రూపు ఫోటోలో చెయ్యి ఎవరిదైనా కావచ్చు. ప్రదర్శనకి వంతెన ఫోటోలు పెట్టండి, అవి బాగా వచ్చాయి.

మావయ్య

తా.క. నేను అత్తయ్యని. నీ ఉత్తరం చదివి మనిషి అన్నం దగ్గరనుంచి సగంలో లేచాడు. ఏం రాశావే?


గ్రంథాలయం, వెనక గది
జులై 15

మావయ్యకి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. దుమ్ము గురించి మూడు పేజీలు రాసిన మనిషి, దుమ్ము కానిదాని గురించి ఎనిమిది లైన్లు రాశారు.

ఐదో పెట్టె మూయలేదు. భూతద్దం పెట్టి చూశాను. ఆ ఎర్రది మెరిసే వైపు ఉంది. అందులో కుంచె వెంట్రుకల గీతలున్నాయి. నల్ల చొక్కా ఆయన చెవి దాకా వచ్చి, చెవి చుట్టూ మెల్లిగా తిరిగి, భుజం మీది చెయ్యి దగ్గర ఆగిపోయింది. మరకలు చెవుల చుట్టూ తిరిగి వెళ్ళవు, మావయ్యా.

కాజాలమ్మని అడిగాను, ఆయనవి ఇంకో ఫోటో కూడా ఎందుకు లేదని. సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పింది. ఆవిడ చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఆయన ఫోటోకి పనికిరాడమ్మా. కదులుతాడు. మిల్లు ఫోటోలో అలాగే పోయాడు. స్టూడియోకి వెళ్ళి అడిగితే, కదిలారండీ అని ఫోటోలాయనే చెప్పాడట. అప్పట్నుంచి ఎవరు ఫోటో అన్నా లేచిపోయేవాడు. మా అమ్మాయి పెళ్ళిలో ఫోటోలు తీసినంతసేపూ వంటవాళ్ళ దగ్గర నిలబడ్డాడు. నేనుంటే మీది కూడా పాడవుతుందే అన్నాడు. ఐసు ఫ్యాక్టరీలో గుర్తింపు కార్డుకి ఫోటో అడిగారు. ఫోటో అడగని బస్తాల గోడౌనుకి మారిపోయాడు. బాయిలరు తెలిసిన మనిషి, బస్తాలు మోశాడు. ఓసారి కదలకుండా కూర్చుని చూడరాదా అంటే, అప్పుడు ఊపిరి కూడా బిగబట్టానే, అయినా పడలేదు, నా ఒంట్లోనే ఏదో ఉంది అనేవాడు."

చెప్పి దారం కొరికింది.

నేను మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. ఆ స్టూడియోలో కుంచె పట్టే మనిషి ఒక్కరే ఉండేవారని అమ్మ చెప్పేది. అది గుర్తొచ్చింది, రాశాను.

మీ మేనకోడలు


ఇంటి వరండా
జులై 24

అమ్మాయ్,

ఇది మూడోసారి రాయడం. మొదటి రెండూ చించేశాను.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. స్టూడియోలో చేరి ఆరు నెలలు. ఫిల్ము మీద మచ్చలు కప్పడం, మొటిమలు తీసెయ్యడం, కళ్ళు మూసుకున్నవాళ్ళకి కళ్ళు తెరిపించడం నా పని. చెయ్యి మంచిదని పేరు. ఒక పొద్దున మిల్లు మేనేజరు వచ్చాడు. గ్రూపు ఫోటో తీసి అప్పటికి నాలుగు రోజులు. వెనక వరస చివర ఉన్న బాయిలరు మనిషిని పనిలోంచి తీసేశామనీ, మిల్లు పుస్తకంలో వెయ్యబోయే ఫోటోలో అతను ఉండకూడదనీ అన్నాడు. ఏం చేశాడని మా ఓనరు అడిగాడు. బాయిలరు మీటరు తప్పు చూపిస్తోందని ఎవరినీ అడక్కుండా మంట ఆర్పేశాడట. మిల్లు ఒక రోజంతా ఆగింది. మీటరు నిజంగా తప్పు చూపించిందా అని మా ఓనరు మళ్ళీ అడిగాడు. అది వేరే విషయం అన్నాడు మేనేజరు.

ఓనరు ఫిల్ము నా చేతికిచ్చాడు.

వెనక సున్నం గోడ ఉంది కాబట్టి పని తేలిక. ఆ ఎర్ర రంగు లోంచి వెలుతురు పోదు. ఫిల్ములో వెలుతురు పోని చోట ఫోటోలో తెల్లగా వస్తుంది. మనిషి మీద రంగు వేస్తే ఫోటోలో అతను గోడైపోతాడు. ఇరవై నిమిషాలు పట్టింది. చెయ్యి మాత్రం తియ్యలేకపోయాను. అది నల్ల చొక్కా మీద ఉంది, అక్కడ రంగు వేస్తే చొక్కాకి తెల్లటి చిల్లు పడినట్టు కనపడుతుంది. ఎవరూ గమనించరులే అన్నాడు ఓనరు. మేనేజరు గమనించలేదు.

వారం తర్వాత ఆ బాయిలరు ఆయనే వచ్చాడు, ఒక కాపీ కావాలని. కౌంటరులో నేనొక్కణ్ణే ఉన్నాను. కవరు ఇచ్చాను. అక్కడే తీసి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. తలెత్తి, "నేను కదిలానేమోనండీ?" అన్నాడు.

నేను "అవునండీ, కదిలారు" అన్నాను.

ఫోటో పని తెలిసినవాడెవడూ ఆ మాట నమ్మడు. కదిలిన మనిషి మసకబారతాడు గానీ మాయమైపోడు. ఆయనకి తెలిసింది బాయిలరు. నా మాట నమ్మాడు. "అయ్యో, మీ ఫోటో పాడుచేశాను" అన్నాడు. నాకు క్షమాపణ చెప్పాడు, అమ్మాయ్. వెళ్ళబోతూ మళ్ళీ చూసుకుని, "చెయ్యొక్కటి బాగా పడిందండీ" అన్నాడు. నవ్వాడు కూడా.

ఆ మాట ఆ గుమ్మం దగ్గరే అయిపోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్ళాడనీ, ఐసు ఫ్యాక్టరీ దాకా మోసుకెళ్ళాడనీ నీ ఉత్తరం చూసేదాకా తెలీదు. మిల్లులో మిగతావాళ్ళకి తెలిసే ఉంటుంది. పనిలో ఉన్నవాళ్ళెవరూ చెప్పి ఉండరు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. ఆ రంగు నీళ్ళకి కరుగుతుంది. నేనే వచ్చి తీసేవాణ్ణి, నా చేతులు ఇప్పుడు టీ కప్పునే సాసరు మీద మోగిస్తున్నాయి. నువ్వే తియ్యాలి. ముందు దుమ్ము. నూటికి నూరుపాళ్ళూ దుమ్ము పోవాలి, రెండు వైపులా. తడి దూది కింద ఒక్క రేణువున్నా అది ఆయన మొహం మీదుగా గీసుకుపోతుంది, ఆ గీతని తియ్యగలిగినవాడు లేడు. ఫిల్మును శుభ్రమైన గాజు మీద మసక వైపు కిందికి పెట్టు, కింద మెత్తని కాగితం వేసి. పుల్లకి చుట్టిన దూది, కాచి వడపోసిన నీళ్ళు. దూది తడిగా ఉండకూడదు, తడి తగిలినట్టు ఉండాలి, అంతే. రుద్దకు. దొర్లించు. ఒక్కసారి దొర్లించి ఆ దూది పారెయ్యి, ఇంకోటి తీసుకో. ఎర్రగా రావడం మానేసేదాకా. మసక వైపు నీటి చుక్క కూడా చేరకూడదు. ముందు ఆ పెళ్ళికూతురి ఫిల్ము అంచు మీద చేసి చూసుకో. ఆరేదాకా గదిలో ఎవరూ మసలకూడదు, తడి చోట దుమ్ము పడితే అతుక్కుపోతుంది.

ఇంకో మాట. ఆవిడ అడిగితే దుమ్ము పట్టి ఉంది, దులిపితే కనిపించాడు అని చెప్పు. పూర్తిగా అబద్ధమేం కాదు.

మావయ్య


గ్రంథాలయం, వెనక గది
ఆగస్టు 11

మావయ్యకి నమస్కారాలు.

తీశాను.

బుడ్డి, కుంచె, పక్కనుంచి దీపం, మీరు రాసినట్టే రెండు వైపులా మూడేసి సార్లు చూసుకున్నాను. గ్రంథపాలకుడు గారిని ఆ రోజుకి ఇంట్లోనే ఉండమన్నాను. కారణం అడిగితే దుమ్ము అన్నాను. మనసు కొంచెం కష్టపెట్టుకున్నారు గానీ ఉన్నారు. దూది నలభై మూడు పుల్లలు అయింది. మధ్యలో ఒకసారి తుమ్ము వచ్చింది. పుల్ల పక్కన పెట్టి, గది దాటి, తలుపు వేసి, వీధిలోకి వెళ్ళి తుమ్మి, మళ్ళీ అరగంట బయటే ఉండి వచ్చాను.

మొదట టోపీ అంచు వచ్చింది. తర్వాత ఒక చెవి. తర్వాత అంతా.

కంప్యూటరు షాపులో పెద్ద ఫోటో తీయించాను. అది చూశాక మీకు ఒక విషయం రాయాలి. మొత్తం ముప్పై ఒక్కమంది. ముందు వరసలో ఇద్దరు తల తిప్పారు. నల్ల చొక్కా ఆయన మూతి మసకగా ఉంది, ఏదో అంటున్నట్టున్నాడు. మధ్యలో కుర్చీలో కూర్చున్న మేనేజరు అందరికంటే ఎక్కువ కదిలాడు, మీసం రెండు వరసలుగా వచ్చింది. బాయిలరు మనిషి మాత్రం కనురెప్ప వెంట్రుకలతో సహా పడ్డాడు. చొక్కా గుండీలకి దారం ఏ రకంగా కుట్టారో కూడా కనపడుతోంది. అంతమందిలో అసలు కదలని మనిషి ఆయనొక్కడే.

కాజాలమ్మకి ఇచ్చాను. కుట్టు పని పక్కన పెట్టింది. ఆవిడ సూది కింద పెట్టడం నేను చూడలేదు ఇంతవరకూ. ఫోటోను వెలుతురుకి పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, దూరంగా పెట్టి చూసింది.

"ఎంత చిన్నవాడో" అంది.

తర్వాత, "ఎక్కడున్నాడమ్మా ఇన్నాళ్ళూ?" అని అడిగింది.

మీరు చెప్పమన్న మాట నోటిదాకా వచ్చింది. "దుమ్ము..." అన్నాను. అంతవరకే అన్నాను.

ఆవిడ ఫోటోలోంచి తలెత్తలేదు. "ముప్పై ఒక్కమంది ఉన్నారు. దుమ్ము ఈయనొక్కడి మీదే పడిందా?" అంది.

నేను బల్ల మీది పత్రికలు సర్దడం మొదలుపెట్టాను. ఆవిడ ఫోటో కవరులో పెట్టుకుంది. ఆ రోజు కాజాలు కుట్టకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి అదే బల్ల దగ్గర కూర్చుంది. నన్ను చూస్తుంది, మళ్ళీ కాజా మీదికి వంగుతుంది. నేను పుస్తకాలు సర్దుతున్నట్టు అటూ ఇటూ తిరుగుతున్నాను. మా గ్రంథాలయంలో పుస్తకాలు ఇంత బాగా సర్ది ఉండడం ఇదే మొదటిసారి.

మావయ్యా, రంగు తియ్యమన్నారు, తీశాను. రెండోది నా పని కాదు. మీరు రండి.

మీ మేనకోడలు

తా.క. ఆవిడ ఇల్లు గ్రంథాలయం వెనక వీధిలో. నీలం తలుపు. అడిగారని కాదు, రాశానంతే.


ఇంటి వరండా
సెప్టెంబరు 2

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నేను మీ ఊరు వచ్చి వెళ్ళాను. నీకు చెప్పలేదు. నిన్ను చూస్తే నీ వెనక నిలబడి నీచేత చెప్పించేవాణ్ణి, ఆ భయంతో.

బయల్దేరే ముందు మీ అత్తయ్యకి చెప్పాను. నలభై ఏళ్ళ కాపురంలో ఇది చెప్పలేదు. చెవుడున్నవాడు గుట్టుగా ఏదీ చెప్పలేడు, నా గొంతు నాకు వినపడదు కదా. పక్కింటివాళ్ళకీ, కూరల బండి అతనికీ కూడా తెలిసింది. మీ అత్తయ్య అంతా విని, ఉతికిన చొక్కా తెచ్చి ఇచ్చింది. 

నీలం తలుపు తెరిచే ఉంది. గ్రంథాలయానికి సెలవు రోజు, ఆవిడ తలుపులోంచి వచ్చే వెలుతురులో చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. స్టూడియోలో పనిచేసినవాణ్ణని చెప్పాను. కూర్చోమంది. నా చెవి సంగతి గమనించి, కుడి చెవి తనవైపు ఉండేలా కుర్చీ జరిపి పెట్టింది. ఫోటో గోడకి తగిలించి ఉంది. నేను ఆయనకి ఎదురుగా కూర్చోవాల్సి వచ్చింది. వేరే కుర్చీ లేదు.

నీకు రాసినదంతా చెప్పాను. నీకు రాయనిది కూడా ఒకటి చెప్పాను. ఆయన వెళ్ళాక నాకు భయం పోయి, నవ్వొచ్చింది. బతికిపోయాననే నవ్వు. అది కూడా దాచలేదు.

ఆవిడ కుడుతూనే ఉంది. అంతా అయ్యాక అడిగింది.

"కదల్లేదన్నమాట."

"కదల్లేదండీ."

"ఎంతసేపు పట్టింది మీకు, రంగు వెయ్యడానికి?"

"ఇరవై నిమిషాలు."

ఆవిడ కాజా పూర్తిచేసి, ముడి వేసి, దారం కొరికింది. గుండీ పెట్టి చూసుకుంది. "ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు బతికాడు" అంది.

నేను క్షమించమని అడుగుదామనుకుని వెళ్ళాను. బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను. ఆవిడ మొహం చూశాక అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సిన పని ఆవిడ మీద పడుతుంది. పాపం, ఆవిడకి ఇప్పటికే రోజుకి ముప్పై కాజాలున్నాయి.

లేవబోతుంటే చెయ్యెత్తి ఆగమంది.

"మా అమ్మాయి వస్తుంది ఈ ఆదివారం. తనకి మీరే చెప్పండి. నేను చెప్పను. అబ్బాయిలిద్దరున్నారు, వాళ్ళకీ చెప్పండి. ఒకళ్ళకి చెప్పి మిగతావాళ్ళకి చెప్పుకోమనకండి. ఎవరికి వాళ్ళకి విడిగా చెప్పండి. ముగ్గురూ చిన్నప్పట్నుంచీ ఆయన్ని కదిలే నాన్నా అని ఏడిపించేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు."

సరేనన్నాను. పెద్దబ్బాయి రైల్లో ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో ఉన్నాడట. వెళ్తాను. మనవలు నలుగురట. వాళ్ళ సంగతి ఇంకా ఏమీ అనలేదు, నేనూ అడగలేదు, అడక్కుండానే వాళ్ళని కూడా లెక్కలో వేసుకున్నాను.

ప్రదర్శనలో ఆ ఫోటో పెట్టే ముందు ఆవిడని అడిగి పెట్టండి. దాని కింద ఎరుపు రంగు సంగతి రాస్తే నా పేరు కూడా రాయించు. మీ గ్రంథపాలకుడు మర్యాదకి వద్దంటాడు, ఊరుకోకు. ఆరో పెట్టె సగంలో ఆపావని ఆవిడ చెప్పింది. పూర్తిచెయ్యి. బుడ్డి రబ్బరుకి పగుళ్ళు వస్తే మార్చెయ్యి, లోపలి పొడి ఫిల్ము మీద పడుతుంది.

ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. మీ అత్తయ్య కూడా వస్తానంది, వద్దనలేదు. కాజాలమ్మ గారి అమ్మాయి అచ్చం ఆయన పోలికేనట. ఆ మొహం చూసి నేను గుమ్మంలో నిలబడిపోతానని కాబోలు, ఆ రోజు నేను తిరిగి వస్తుంటే ఆవిడే వీధి మలుపు దాకా నడిచొచ్చి ఆ ముక్క చెప్పి వెళ్ళింది.

మీ మావయ్య